బిషప్ అజరయ్య గారి జీవితము: మన ప్రశ్నలకు ఒక జవాబు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలకు కూడికల నిమిత్తము మేము వెళ్లినప్పుడెల్ల, ఆరాధన ముగిసిన వెంటనే లేచి వచ్చుటకు వీలుండదు. గుడి అరుగుమీద పెద్దలు కూర్చుందురు. యౌవనులు వెనుక నిలుచుందురు. స్త్రీలు బిడ్డలను చంకనెత్తుకొని గుమ్మముదగ్గర ఆగుదురు. అప్పుడు ప్రశ్నలు వచ్చును. చదువు రాని మేము సువార్త ఎట్లు చెప్పగలమని ఒకరు అడుగుదురు. కూలికి పోయి బ్రదుకు వారు కూడ కానుక ఇయ్యవలెనా అని మరియొకరు అడుగుదురు. హృదయములో నమ్మితే చాలదా, బాప్తిస్మము పదిమంది యెదుట ఏల అని యౌవనులు అడుగుదురు. ప్రభువు ఒక్కడే అయినప్పుడు ఇన్ని సంఘములేల, గుడిలో కూడ కులమేల అని అడుగువారున్నారు. నమ్మినవారికి కూడ ఎదురుదెబ్బలు ఏల తగులునని కన్నీటితో అడుగువారును ఉన్నారు.

ఈ ప్రశ్నలకు వాక్యములో జవాబులున్నవి. కాని హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 13 వ అధ్యాయము 7 వ వచనములో మనకు వాక్యము బోధించిన నాయకులను జ్ఞాపకము చేసికొని, వారి ప్రవర్తన ఫలమును తలపోసి, వారి విశ్వాసమును అనుసరింపుమని మనకు ఆజ్ఞ కలదు. కావున ఈ నెల మేము ఒక మనుష్యుని జీవితమును మీ ముందుంచుచున్నాము. ఆయనే డోర్నకల్ బిషప్, వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. డోర్నకల్ మనకు దూరపు ఊరు కాదు. కోదాడనుండి గాని సూర్యాపేటనుండి గాని ఖమ్మము మీదుగా పోయి, సాయంకాలమునకు తిరిగి రాదగిన చోటు.

పుట్టుక, పిలుపు

అజరయ్య గారు 1874 ఆగస్టు 17 న తమిళదేశములో తిరునల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విలై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకం గారు అన్య మతమునుండి ప్రభువునొద్దకు వచ్చి, ఆంగ్లికన్ సంఘములో గురువై, ఆ పల్లె సంఘమును కాచినవారు. కావున మన బిషప్ గారు పల్లెటూరి కాపరి బిడ్డ. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా పుచ్చుకొనకయే చదువు విడిచిరి. 1895 లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమంతట తిరిగి యౌవనస్థుల మధ్య పని చేసిరి. 1898 లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. ఆ కాలమున కళాశాల చదువు చదివిన క్రైస్తవ స్త్రీలు మిక్కిలి కొద్దిమంది. ఆమె వారిలో ఒకరు.

1902 లో ఆయన సిలోనులోని యాఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో ఇతర ప్రాంతమునకు సువార్తికులను పంపుట చూచి ఆయన హృదయము నొచ్చెను. తన తిరునల్వేలి సంఘము పెద్దది, పాతది. అయినను ఇతరులు తెచ్చి పెట్టునది తినుటయే గాని, తాను ఇతరులకు వడ్డించుట ఎరుగకుండెను. ఆ నొప్పినుండియే 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టెను. మన దేశపు మనుష్యులు, మన దేశపు డబ్బు, మన దేశపు పరిపాలన అనునదే దాని నియమము. రెండేండ్ల తరువాత, 1905 క్రిస్మస్ దినమున శ్రీరామపురములో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపింపబడినప్పుడు కూడ ఆయన దాని కార్యదర్శులలో ఒకరైరి.

తిరునల్వేలి సొసైటీవారు తమ పొలముగా ఏర్పరచుకొన్నది నైజాం రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. తమిళులకు అది పరదేశమే. భాష వేరు, వాతావరణము వేరు, రాజ్యము వేరు. ఇతరులను పొమ్మని చెప్పిన అజరయ్య గారికి తాను పోక నిలుచుట సాధ్యము కాలేదు. 1909 లో, 35 వ యేట, అందరెరిగిన ఉద్యోగమును విడిచి, గురుత్వాభిషేకము పొంది డోర్నకల్ వచ్చిరి. ఆ వయస్సున తెలుగు అక్షరములు దిద్దుకొని, తెలుగులో ప్రసంగించుట నేర్చుకొనిరి. ఎడ్లబండిమీద, సైకిలుమీద పల్లెలు తిరిగిరి.

1912 డిసెంబరు 29 న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రలులో ఆయన బిషప్‌గా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ అగుట అదే మొదలు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు దీనికై పాటుపడిరి. మిషనరీలలో అనేకులు ఇష్టపడలేదు. మనవారిలోను కొందరు సందేహించిరి. అయినను ఆయన 32 సంవత్సరములు ఆ మందను మేపిరి. మొదట చిన్నదిగా నుండిన ఆ మేత్రాసనము తరువాత కృష్ణా తీరమునకును అంతకు ఆవలకును వ్యాపించి, ఆయన కడపటి దినములనాటికి రెండు లక్షలకు మించిన విశ్వాసులతో నిండెను. వారిలో మిక్కిలి ఎక్కువమంది పల్లెవారు, బీదవారు, అక్షరజ్ఞానము లేనివారు.

ఇప్పుడు మన ప్రశ్నలకు వత్తము.

చదువు లేనివారు సువార్త చెప్పగలరా?

అజరయ్య గారు పల్లెలకు వెళ్లినప్పుడు ఒక వాడుక పాటించెడివారు. బాప్తిస్మము పొందినవారిని తమ చేతులు తమ తలమీదనే పెట్టుకొనుమనెడివారు. తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనియు, సువార్త ప్రకటింపకపోయినయెడల తమకు శ్రమ అనియు వారిచేత చెప్పించెడివారు. ఇది 1 కొరింథీయులకు 9:16 లో పౌలు తన్ను గూర్చి చెప్పుకొన్న మాట. పౌలు అపొస్తలుడు గదా, పాలేరు అట్లు చెప్పుకొనవచ్చునా అని మనకు తోచును. బిషప్ గారికి ఆ సందేహము లేదు. బాప్తిస్మపు నీళ్లు అపొస్తలునిమీద పడినవే పాలేరుమీదను పడినవి. తలమీద ఇతరుల చెయ్యి కాక తన చెయ్యియే యుండుట గమనింపుడి. ఈ పనికి ఎవరును మనలను నియమించు వరకు వేచియుండనక్కరలేదు.

ఆయన మేత్రాసనములో సంవత్సరమునకొక పర్యాయము సాక్ష్య వారము జరిగెడిది. ఆ వారములో సంఘస్థులు గుంపులు గుంపులుగా ప్రక్క పల్లెలకు పోయి పాటలతో, మాటలతో సాక్ష్యమిచ్చెడివారు. వారిలో అనేకులు పుస్తకము చదువలేరు. కాని త్రాగుడు మానిన మనుష్యునిని, భార్యను కొట్టుట మానిన మనుష్యునిని ఊరంతయు చదువగలదు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో బిషప్ గారు జీవితమంతయు పోరాడుట ఇందుకే. 1930 తరువాతి సంవత్సరములలో ఆ ప్రాంతపు ఇతర కులములవారు కూడ ప్రభువునొద్దకు వచ్చుట మొదలు పెట్టిరి. వారిని ఆకర్షించినది పండితుల వాదము కాదు, తమ పొలములలో పని చేయు బీద క్రైస్తవుల మారిన జీవితము.

బీదవారు కానుక ఇయ్యవలెనా?

ఈ ప్రశ్న మేము ఎక్కువగా వినునది. అజరయ్య గారు క్రైస్తవ దానమును గూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. ఆయన మంద దేశములోని మిక్కిలి బీదమందలలో ఒకటి. వారిని చూచి జాలిపడి, మీరు ఇయ్యనక్కరలేదని చెప్పుట సులభమే. ఆయన అట్లు చెప్పలేదు. ఇయ్యనక్కరలేదని చెప్పుట బీదవానిమీద దయ చూపుట కాదు, వానిని ఎప్పటికిని భిక్షగానిగానే ఉంచుట. మార్కు 12 వ అధ్యాయములో ప్రభువు ఆ విధవరాలిని ఆపలేదు, ఆమె కానుకను హెచ్చించెను. 2 కొరింథీయులకు 8 లో మాసిదోనియవారు నిరుపేదలై యుండియే ధారాళముగా ఇచ్చిరి.

మన తల్లులు అన్నము వండుటకు బియ్యము కొలిచినప్పుడు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయు వాడుక మన పల్లెలలో కొన్ని ఇండ్లలో ఇప్పటికిని కలదు. సాగరు ఎడమ కాలువకు 1967 లో నీరు వదలక ముందు మన మెట్ట పొలములలో జొన్నలే దిక్కు. అప్పుడును ఆ కుండ నిండెను. ఇప్పుడు మిర్యాలగూడ చుట్టును రైసుమిల్లులు నిలిచియున్నవి, కోదాడ పొలములలో వరి పండుచున్నది. కాని అనేక ఇండ్లలో ఆ కుండ బోర్లించబడియున్నది. లెక్క ఎక్కడ తప్పినదో ఎవరి ఇంట వారు చూచుకొనవలెను. అయితే ఒక మాట సేవకులమైన మేము కూడ వినవలెను. కానుక ఇచ్చిన బీదవానికి ఆ పైకము ఏమైనదో అడుగు హక్కు కలదు. బీదల కానుకకు లెక్క చెప్పని సేవకుడు దానమును గూర్చి ప్రసంగించుటకు తగడు.

హృదయములో నమ్మితే చాలదా?

రోమీయులకు 10:9, 10 లో హృదయములో విశ్వసించుటయు నోటితో ఒప్పుకొనుటయు జతగా చెప్పబడియున్నవి. అజరయ్య గారు బాప్తిస్మమును తేలికగా ఇయ్యలేదు. అపొస్తలుల విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు నేర్పించి, జీవితము పరీక్షించి, అటుపిమ్మట ఇచ్చుటే ఆయన సంఘపు క్రమము. కాని సిద్ధపడినవానిని దాగియుండుమని మాత్రము చెప్పలేదు. 1930 తరువాత గాంధీ మహాత్ముడు బీదజనుల సామూహిక మతాంతరమును విమర్శించినప్పుడు, బిషప్ గారు ఆయనను గౌరవించుచునే, బీదవానికి కూడ తన మనస్సాక్షి చొప్పున నడుచుకొను స్వాతంత్ర్యము కలదని గట్టిగా నిలిచిరి. అదే మనుష్యుడు క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు వలదనియు చెప్పిరి. రాజకీయ లాభమునకై సంఘము ఒక కులమువలె కట్టుకొనరాదని ఆయన నమ్మకము.

ఈ ప్రశ్న వెనుక ఒక నిజమైన బాధ కలదని మేము ఎరుగుదుము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు మొదట హిందువులకును, 1956 నుండి సిక్కులకును, 1990 నుండి బౌద్ధులకును వర్తించుచున్నవి. క్రైస్తవుడైనవానికి అవి లేవు. మన రాష్ట్రములో అట్టివారు వెనుకబడిన తరగతుల సి గ్రూపులో లెక్కింపబడుదురు. కావున బిడ్డ చదువుకొరకు, ఉద్యోగముకొరకు, ఆదివారము గుడిలో ఒక పేరును, సోమవారము కాగితములో మరియొక పేరును పెట్టుకొను కుటుంబములు గలవు. వారిమీద రాయి విసరుటకు మాకు చెయ్యి రాదు. ఆ ఉత్తర్వు మారవలెనని చట్టప్రకారము అడుగుట అన్యాయము కాదు. అయినను మత్తయి 10:32 లోని ప్రభువు మాటను మేము మార్చి చెప్పలేము. నీకొదేము రాత్రివేళ వచ్చెను, ప్రభువు వానిని వెళ్లగొట్టలేదు. కాని సిలువ దగ్గర శరీరమును దించు సమయమున అతడు వెలుగులోనికి వచ్చెను. రాత్రి వచ్చినవారు రాత్రిలోనే ఉండిపోకూడదు. అట్టి కుటుంబములను నిందింపక, వారితో కూర్చుండి ప్రార్థించి, వారు పోగొట్టుకొనుదానిలో సంఘము పాలు పంచుకొనవలెను. ఒక బిడ్డ ఫీజు సంఘము కట్టగలిగినయెడల, ఆ ఇంటివారు ధైర్యముగా ఒప్పుకొనుట కొంత సులభమగును.

ఇన్ని సంఘములేల? గుడిలో కులమేల?

అజరయ్య గారు 1910 లో స్కాట్లండు దేశపు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు వెళ్లిరి. సుమారు 1,200 మంది ప్రతినిధులలో మన ఖండమువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. అక్కడ ఆయన లేచి, మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత చెప్పి, అటుపిమ్మట వారు భారతీయ క్రైస్తవులకు ధనమును ప్రాణమును ఇచ్చిరి గాని స్నేహము ఇయ్యలేదని, ఆ స్నేహమే ఇప్పుడు కావలెనని వేడుకొనిరి. కొందరు నొచ్చుకొనిరి. ఆ మాట మాత్రము నిలిచిపోయెను.

1919 లో తరంగంబాడిలో వివిధ సంఘముల సేవకులు కూడినప్పుడు ఆయన ముందు నడిచిరి. భారతదేశములో సువార్తకు పెద్ద అడ్డు మన విభాగములే అని వారు ఒప్పుకొనిరి. అక్కడనుండి మొదలైన ప్రయాణము 1947 సెప్టెంబరు 27 న దక్షిణ ఇండియా సంఘముగా ముగిసెను. మన నల్గొండ ప్రాంతములో మొదట దున్నినవారు బాప్టిస్టు మిషనరీలు. రష్యా దేశపు మెన్నొనైట్ బ్రదరెన్‌వారైన ఫ్రీసెన్ దొరగారు అమెరికను బాప్టిస్టు మిషనుతో కలిసి నల్గొండలో పని ప్రారంభించిరి. కావున మనలో అనేకులము ముంచుడు బాప్తిస్మము పొందినవారము, బిషప్‌ల ఏలుబడి ఎరుగనివారము. అయినను ఒక ఆంగ్లికన్ బిషప్ జీవితమును చదివి మనము ప్రభువును స్తుతింపగలిగితిమేని, యోహాను 17:21 లోని ప్రార్థన కొంత మనలో నెరవేరినట్లే.

కులము మాట మరింత నొప్పి కలిగించునది. మాలలును మాదిగలును ప్రభువునొద్దకు వచ్చిరి గాని, రెండు వాడల మధ్య గోడను కూడ వెంట తెచ్చిరి. బిషప్ గారు ఒకే బల్లయొద్ద, ఒకే పాత్రనుండి అందరు పాలుపుచ్చుకొనవలెనని పట్టుబట్టిరి. డోర్నకల్ కేథడ్రలు చూచినవారికి ఆయన ఆలోచన కంటికి కనబడును. 1939 జనవరి 6 న ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయములో ద్రావిడ స్తంభములును, మసీదును బోలిన గుమ్మటములును ఒక్కటిగా అమరియున్నవి. రాళ్లు కలిసినవి. మనుష్యులు అంత త్వరగా కలియలేదు. ఆయన కాలములో ఆ గోడ పూర్తిగా కూలలేదు, మన కాలములోను కూలలేదు. వేరు వేరు గుడులు, పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు మారు ముఖములు, పాస్టరుగారి కులము విచారించుట, ఇవి మన ప్రాంతములో లేవని మేము వ్రాసినయెడల అబద్ధికులమగుదుము. ఎఫెసీయులకు 2:14 లో క్రీస్తు మధ్యగోడను పడగొట్టెనని వ్రాయబడియున్నది. ఆయన పడగొట్టినదానిని మనము తిరిగి కట్టుచున్నామా?

నమ్మినవారికి ఎదురుదెబ్బలేల?

అజరయ్య గారి జీవితమును లోకరీతిగా చూచిన, తెగిన నూలుపోగులు కొన్ని కనబడును. కళాశాల పట్టా రాలేదు. అయితే పట్టా లేని ఆయనకు 1920 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు బిరుదమిచ్చిరి. బిషప్ కారాదన్నవారు ఉండిరి. కేథడ్రలు కట్టుటకు ఏండ్లు పట్టెను. అన్నిటికంటె ఎక్కువగా ఆయన కోరినది సంఘముల ఐక్యత. దానికై పాతికేండ్లు పాటుపడి, అది జరుగుటకు మూడేండ్లు నిండక మునుపే, 1945 జనవరి 1 న డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. ఫలము కన్నులార చూడలేదు.

హెబ్రీయులకు 11:13 లోని విశ్వాసులు కూడ వాగ్దానఫలము పొందకయే, దూరమునుండి చూచి వందనము చేసి మృతినొందిరి. విశ్వాసము మనము అడిగినదెల్ల తెచ్చి ఇచ్చు బేరము కాదు. అజరయ్య గారికి అది విత్తుటకు వెళ్లుమని చెప్పెను గాని, కోతకు తాను ఉందునో లేదో చెప్పలేదు. బోరు ఎండిన రైతునకు, కుమారునికి ఉద్యోగము రాని తల్లికి, మంచముమీదనున్న రోగికి మేము ఇంతకంటె పెద్ద మాట చెప్పలేము, ఇంతకంటె చిన్న మాట చెప్పనక్కరలేదు. మన ప్రార్థన వృథా కాదు. కొన్నిటి జవాబు మనము చూతుము, కొన్నిటి జవాబు మన బిడ్డలు చూతురు.

సహోదరులారా, సహోదరీలారా, ఈ నెల ప్రతి కుటుంబమువారును మూడు సంగతులు చేయుటకు ప్రయత్నింపుడి. ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనలో 1 కొరింథీయులకు 9:16 చదివి, ఎవరి చెయ్యి వారి తలమీద పెట్టుకొని మౌనముగా ఆలోచింపుడి. బోర్లించిన ఆ పిడికెడు బియ్యపు కుండను వెల్లకిల త్రిప్పుడి. మీరు ఇంతవరకు గడప దాటని ఒక విశ్వాసి ఇంటికి పోయి, వారు పెట్టినది తిని, వారితో ప్రార్థించి రండు.

తిరునల్వేలినుండి ఒక తమిళ బిడ్డను మన తెలుగు పల్లెలకు పంపిన ప్రభువు, మనలను ప్రక్క వాడకు పంపలేడా? వెళ్లుటకు కావలసిన కృపను ఆయన మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.